పావు తిప్పు

మండిబజార్ల చెప్పుల దుకాణం పక్కన
యాకూబ్ పాషా షెడ్డు.
బోర్డు మీద "ఆటో షాకబ్జర్ రిపేరు" అని ఉండె,
ఎండకు "రి" పెచ్చులూడిపోయి
ఇప్పుడు పేరు ఒక్కటే మిగిలింది.

సైకిల్ దించంగనే నవ్విండు:
"దీని వెనుక షాకెందుకమ్మా, పాల క్యాన్లు కడ్తవా?"
ఇనుపరాతి గుట్ట మీదికెల్లి దిగుతనంటే
చేతులు తుడుచుకునుడు ఆపిండు.
"అక్కడ తొవ్వ యాడుంది?"

తొవ్వ లేదు.
మేకలు దిగిన గీత ఒకటి, వాననీళ్లు కోసిన గాడి ఒకటి,
సీతాఫలం పొదల నడుమ మంచమంత బండ.
బండ అంచు దాటితే నిలువెత్తు గాలి.
ఆ గాలి దిగి నేల తాకిన ప్రతిసారి
వెనుక షాకు అడుగంటి టంగుమనేది.
ఆ టంగు నా వెన్నుపూసలు ఒక్కొక్కటే ఎక్కి
పండ్ల దాంక వచ్చేది.

బోడుప్పల్‌ల కొన్న పాత బండి.
అమ్మిన పిలగాడు బక్కోడు, కాలనీ రోడ్లు తప్ప తొక్కనోడు;
స్ప్రింగు వాని బరువుకే అలవాటుపడ్డది.
గోడ మేకులకు వేలాడే స్ప్రింగులల్ల,
ఏ బండివో ఏ ఊరివో, బొటనవేలితోటి నొక్కి నొక్కి
పాషా ఒకటి తీసిండు. నన్ను సీటు మీద కూర్చోమన్నడు.
షాకు కడ్డీకి నల్లదారం కట్టి చూసిండు.
"మూడో వంతు కుంగింది. మంచిది.
ముందే జర కుంగి ఉంటేనే
గుంతొచ్చినప్పుడు చక్రం కిందికి దిగుతది.
అసలే కుంగనిది మనిషిని ఎగరేస్తది."

రాకర్ ప్లేట్లు లేత్ కొమురక్క కోసింది.
దళసరి అల్యూమినియం, పాతదానికంటే
ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకు బొక్క.
డ్రిల్లు దిగుతుంటే తెల్లటి పొట్టు సుడులు సుడులుగ లేచింది.
బొక్క అన్నప్పుడల్లా నా చెయ్యి మెడ కిందికి పోయింది.
అక్కడి బొక్కకు నాకూ ఒక ప్లేటుంది, ఆరు స్క్రూలు,
పోయిన వానకాలం ఇదే గుట్ట ఇచ్చింది.
కొమురక్క చూసింది, ఏమనలే.
అంచులకు ఆకురాయి రెండుసార్లు ఎక్కువ పట్టింది.

మొదటి దిగుడు: టంగు లేదు.
కాని ఒకటి సవరిస్తే ఇంకోటి చెడ్తది,
ఫ్రేము కిందికి వాలి పెడల్ బండను గీకింది.
నేల తాకంగనే వెనుక చక్రం
కోడెదూడ తన్నినట్టు తన్ని
నన్ను పొదలల్ల పారేసింది.
మోచేతికి మూడు రోజులు సీతాఫలం ఆకుల వాసన.

"స్ప్రింగుకు యాది ఎక్కువ బిడ్డా" అన్నడు పాషా.
"ఎంత తీసుకుంటదో అంతా ఎంబడే తిరిగిచ్చేస్తది.
దానికి సబర్ నేర్పేది నూనె."
షాకు విప్పిండు. కాలిన బెల్లం రంగు నూనె కారింది.
చిక్కటిది పోసిండు, కాగితమంత వాషరు ఒకటి కలిపిండు.
అప్పుడు చూసిన, ఆయన చూపుడువేలు సగమే.
అడగకముందే చెప్పిండు: "ఫియట్ కారు ముందటి స్ప్రింగు.
నేను మరిచిన, అది మరవలే."

సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కి వదిలిండు,
కండ్లు మూసుకొని "ఒకటీ..." అన్నడు.
"టీ" ఇంకా నోట్ల ఉండంగనే సీటు లేచింది.
ఎర్ర మర పావు తిప్పిండు. మళ్ల నొక్కిండు. మళ్ల పావు.
బయట ఆటోలు హారన్లు కొడుతున్నయి, ఆయనకు వినబడ్తలే.

జుమ్మా నాడు మధ్యాహ్నం షెడ్డు బంద్.
మా తమ్ముడు భార్గవ్ స్కూటర్ వెనుక కూర్చొని
దేవునూరు దాంక వచ్చిండు,
నమాజు టోపీ జేబుల పెట్టుకొని బండ కింద నిలబడ్డడు.
నేను పైనుంచి చెయ్యెత్తిన. ఆయన ఎత్తలే.

గీత, గాడి, పొద, బండ.
అంచు దాటినంక ఏమీ లేదు.
నేల నన్ను తాకింది, నేను నేలను తాకిన,
నడుమల ఎవరో మెల్లగ "ఒకటీ" అని పూర్తిగ అన్నట్టు
వెనుక చక్రం కుంగి, ఆగి, లేచింది.

తమ్ముడు కేక వేసిండు.
బ్రేకు పట్టి దుమ్ములకెల్లి ఎనక్కి చూసిన.
పాషా అసలు చూడనే లేదు. కండ్లు మూసుకొని
తల కొంచెం వంచి నిలబడి ఉన్నడు.

"ఎట్లుంది చాచా?"

సగం వేలు గాలిల కొద్దిగ తిప్పి చూపెట్టిండు:
"ఇంకో పావు."